సవరల లెక్క

తొంబదిమూడు అనగానే మనకు తొమ్మిది పదులు, వాటిపై మూడు స్ఫురించును. శ్రీకాకుళపు మన్యములోను, దానిని ఆనుకొనియున్న ఒడిశా కొండలలోను నివసించు సవరలు అదే సంఖ్యను తమ భాషలో ‘నాలుగు ఇరువదులు, పన్నెండు, ఒకటి’ అందురు. కూడి చూడుడు, సరిపోవును.

ఈ లెక్కలోని కీలకము పన్నెండు. అంతవరకు ఒక్కొక్క సంఖ్యకు వేరు పేరున్నది. పదమూడు ‘పన్నెండు-ఒకటి’, పందొమ్మిది ‘పన్నెండు-ఏడు’. ఇరువది మరల క్రొత్త మెట్టు. ముప్పదిమూడు కావలెనన్న ఇరువదికి పన్నెండును, దానిపై ఒకటిని చేర్చుదురు. ఇరువదులతో లెక్కించువారు లోకమున పెక్కురు కలరు; ఫ్రెంచివారికిని ఎనుబది ‘నాలుగు ఇరువదులే’. కాని వాటి నడుమ పన్నెండును కూడ మెట్టుగా నిలుపుట మిక్కిలి అరుదు. అణాకు పన్నెండు పైలు లెక్కించిన మన పెద్దలకు ఇది అంత వింతగా తోచకపోవచ్చును!

సవర ద్రావిడభాష కాదు. అది ముండా శాఖకు చెందినది. దూరపు చుట్టము కంబోడియాలోని ఖ్మేరు. దీనికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చినవారు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైను వలన ఆయనకు చెవుడు వచ్చినది. ఒక భాష ధ్వనులను ఏరి కూర్చుటకు పోయి వినికిడినే పోగొట్టుకొనిరి.

2011 జనాభా లెక్కలలో సవర మాతృభాషగా గలవారు సుమారు 4 లక్షలు. ఈ సంఖ్యను చూచి నిశ్చింతగా ఉండరాదు. భాష నిలిచియుండగనే దానిలోని లెక్క జారిపోవచ్చును. బలూచిస్థానములోని బ్రాహూయీ ద్రావిడభాష. నేటికిని లక్షలమంది మాట్లాడుచున్నారు. అయినను దానిలో మిగిలిన సొంత సంఖ్యలు మూడే. నాలుగు మొదలు అన్నియు ఎరువు. సంతలో బేరము, బడిలో ఎక్కము, చేతిలోని నోటు, ఇవన్నియు ఇరుగుపొరుగు పెద్దభాషలలోనే నడచును గదా!

ఈ శతాబ్ది తొలి దశకములో మన్యపు బడులలో తెలుగు లిపితో సవర వాచకములు ప్రవేశపెట్టబడినవి. మంచిపనియే. అయితే మాటల పట్టికలు వ్రాసికొనువారు సాధారణముగా ఒకటి నుండి పదివరకు అడిగి ఊరుకొందురు. సవర లెక్కలోని విశేషము పదమూడు దగ్గర గాని మొదలు కాదు. అడుగువారు నూరువరకు లెక్కింపించి వ్రాసికొనవలెను.