తోడేలు నత్త తెచ్చిన తంటా!

ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఏమిటో పసిఫిక్ దీవుల్లోని నత్తల్ని అడగాలి. అక్కడ ఓ నత్త పీడ వదిలించుకోవడానికి ఇంకో నత్తను తెచ్చారు. అది చంపాల్సినదాన్ని వదిలేసి, ఏ పాపం ఎరుగని మూడో నత్త మీద పడింది!

ఆ మూడో నత్త పేరు పార్ట్యులా. ఫ్రెంచ్ పాలినేషియాలోని తాహితి, మూరియా దీవుల్లో చెట్ల మీద ఉండేది. రెండు సెంటీమీటర్లుంటే గొప్ప. నాచు, కుళ్లిన ఆకులు తప్ప పంటల జోలికి రాదు. స్థానికులు దాని గుల్లల్ని దండలుగా గుచ్చుకునేవారు. శాస్త్రవేత్తలకైతే అది పెన్నిధే. కొండలు దాటి పోలేదు కాబట్టి ఏ లోయ నత్త ఆ లోయలోనే ఉండిపోయి, తరాలు గడిచేకొద్దీ రంగూ చారలూ మార్చుకుంది. అలా ఒక్క మూరియాలోనే ఏడు జాతులయ్యాయి. కొత్త జాతులెలా పుడతాయో తెలుసుకోవడానికి అమెరికా శాస్త్రవేత్త హెన్రీ క్రాంప్టన్ 1906 నుంచి ఏళ్ల తరబడి వీటినే పరిశీలించాడు.

వేటగాడొచ్చాడు...

1967లో ఆఫ్రికా రాకాసి నత్త తాహితికి చేరింది. అరచేతంత ఉంటుంది. ఒక్కో విడతలో 200 దాకా గుడ్లు పెడుతుంది. వందల రకాల మొక్కల్ని నమిలేస్తుంది. తోటలు పాడవుతుంటే విరుగుడుగా 1974లో తాహితిలో, 1977లో మూరియాలో అమెరికాకు చెందిన తోడేలు నత్తను వదిలారు. ఇది నత్తల్నే తినే నత్త. బంక చారను పట్టుకుని వెంటాడుతుంది. మిగతా నత్తలకన్నా దీని నడక చురుకు. దానికి రాకాసికన్నా చిన్నారి పార్ట్యులానే సులువుగా దొరికింది. పైగా పార్ట్యులా ఒక్కోసారి ఒక్క పిల్లనే కంటుంది. ఇంకేముంది... 1987 నాటికి మూరియా అడవిలో ఒక్కటీ కనిపించలేదు.

మళ్లీ అడవికి...

బ్రయాన్ క్లార్క్, జేమ్స్ ముర్రే వంటి శాస్త్రవేత్తలు ముందుగానే కొన్నిటిని ఏరి తేవడంతో కొన్ని జాతులైనా బతికాయి. లండన్, ఎడిన్‌బరో, సెయింట్ లూయిస్ తదితర జూలు వాటిని పెట్టెల్లో పెంచాయి. అన్నీ దక్కలేదు. పార్ట్యులా టర్జిడా జాతిలో చిట్టచివరిది 1996లో లండన్ జూలో కన్నుమూసింది. మిగిలినవాటిని 2015 నుంచి సొంత దీవుల్లో వదులుతున్నారు. 2023లో 5 వేలకు పైగా నత్తలు వెళ్లాయి. గుర్తుకోసం ఒక్కోదాని గుల్ల మీద రంగు చుక్క పెట్టారు. 2024లో చుక్కలేని పెద్ద నత్తలు కనిపించాయి. అంటే అవి అక్కడే పుట్టి పెరిగినవన్నమాట!

మన దగ్గరా ఉంది...

ఆ రాకాసి నత్త మనకీ కొత్త కాదు. 1847లో విలియం బెన్సన్ మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చాడు. ఇప్పుడు కేరళ సహా చాలాచోట్ల తోటల్ని పీడిస్తోంది. దీనికి మరో వేటగాణ్ని తేనక్కర్లేదు. సాయంత్రం తడి గోనెసంచి కింద బొప్పాయి, క్యాబేజీ ఆకులు వేస్తే నత్తలు పోగవుతాయి. పొద్దున్నే చేతులకు తొడుగులు వేసుకుని ఏరి ఉప్పునీళ్లలో వేయాలి. రోజూ చేయాల్సిన పనే. కానీ తోటలోని మిగతా జీవులకు దీనివల్ల ఏ ముప్పూ ఉండదు.