నేలయే గ్రంథమైన మతము

ప్రపంచమతములను గూర్చి చదువునపుడు మనము సామాన్యముగా మూడు ప్రశ్నలతో మొదలిడుదుము. స్థాపకుడెవరు? పవిత్రగ్రంథమేది? ఆరాధన యెచ్చట జరుగును? పాఠ్యపుస్తకములలోని పట్టికలకును ఈ మూడు గడులే యుండును. బౌద్ధమునకు, క్రైస్తవమునకు, ఇస్లామునకు ఇవి సులభముగా నిండును. హిందూమతమునకు మొదటి గడికడనే కలము ఆగును. ఆస్ట్రేలియా ఆదివాసుల మతమునకు మూడు గడులును ఖాళీగా మిగిలిపోవును.

ఆ ఖాళీలను జూచియే తొలుత వచ్చిన ఆంగ్లేయులు పొరపడిరి. 1788లో సిడ్నీ రేవున ఖైదీల వలస నెలకొల్పబడినపుడు న్యాయాధికారిగా వచ్చిన డేవిడ్ కాలిన్సు 1798లో ఒక గ్రంథమును ప్రకటించెను. మతచ్ఛాయ యేమియు లేని దేశము ప్రపంచమున లేదని పెద్దలందురు గాని, ఈ జనులు అందుకు మినహాయింపుగా తోచుచున్నారని ఆయన అందు వ్రాసెను. కాలిన్సు దురుద్దేశము గలవాడు కాడు. వారి ఆచారములను శ్రద్ధతో గమనించినవాడు. బాలురను పురుషులలో జేర్చుకొను దీక్షాకర్మను ఎంతయో విపులముగా వర్ణించినవాడు. కన్నులయెదుట మతము జరుగుచుండగా దానిని మతమని గుర్తింపలేకపోయెను. గుడి లేదు, పుస్తకము లేదు. ఇక మతమెక్కడిదని ఆయన తలంపు.

ఆ మతము నేలలో నున్నది. ఆదియందు మహాశక్తిగల పూర్వజులు, కొందఱు మనుష్యరూపమునను కొందఱు జంతురూపమునను, భూమిపై సంచరించుచు కొండలను, వాగులను, నీటిగుంటలను కల్పించిరనియు, మనుష్యులకు వావివరుసలను, వివాహధర్మములను, ఆహారనియమములను ఏర్పఱచిరనియు, పిమ్మట తాము కల్పించిన స్థలములలోనే లీనమైరనియు వారి విశ్వాసము. 1788 నాటికి ఆ ఖండమున 250కి పైగా భాషలుండెను. ప్రతి జాతికిని తనవైన పూర్వజులు, తనదైన భూమి. కావున ‘ఆదివాసుల మతము’ అని ఏకవచనమున వ్రాయుట మన సౌకర్యమునకే. స్థలమునకొక కథ, కథకొక పాట, పాటకొక నృత్యము, వానికన్నిటికిని బాధ్యులైన వంశమువారు. పాటల వరుస నెఱిగినవాడు ఎడారిలో ఏ నీటిగుంట తరువాత ఏ గుంట వచ్చునో కూడ నెఱుగును. కొన్ని పాటలు స్త్రీలవి, కొన్ని దీక్షపొందిన పురుషులవి; అన్యులు వినరాదు.

ఈ భావమునకు ఇంగ్లీషున ‘స్వప్నము’ అను అర్థమిచ్చు మాట స్థిరపడినది. మధ్యాస్ట్రేలియాలో టెలిగ్రాఫు కచేరీ అధికారిగా నుండిన ఫ్రాన్సిస్ గిల్లెను, అరండభాషలోని యొక పదమును 1896లో ఆ విధముగా అనువదించెను. అనువాదము అందముగానే యున్నది గాని దారి తప్పించును. స్టానరు అను మానవశాస్త్రవేత్త 1953లో వ్రాసిన వ్యాసమున, అది గడచిపోయిన కాలము కాదనియు, ఆదియందుండెను, ఇప్పుడున్నది, ఎల్లప్పుడు నుండుననియు వివరించెను. ఎడారిలోని అనంగు జనులు దీనినే ‘చుకుర్ప’ అందురు. అందు సృష్టికథయు, శాసనమును, నడవడియు అన్నియు నిమిడి యున్నవి. మన ‘ధర్మము’ అను మాటను ఇంగ్లీషులోనికి మార్పజూచిన వారికి ఈ చిక్కు కొత్త గాదు.

ఉలూరు అను మహాశిలను గూర్చి మీరు వినియుందురు. పేరు మన తెలుగు ఊరి పేరు వలెనే యున్నది గాని అది అనంగు జనుల పవిత్రస్థలము. 1873లో గాసు అను సర్వేయరు దానిని జూచి, దక్షిణాస్ట్రేలియాలోని యొక రాజకీయవేత్త పేర అయర్సు శిల యని పేరిడెను. 1985 అక్టోబరు 26వ తేదీన ఆ భూమి అనంగులకు తిరిగి యీయబడెను. 2019లో సరిగా ఆ తేదీననే దానిని ఎక్కుట నిషేధింపబడెను.

మన పూర్వులు తెలుగునేల విడిచి పొరుగుసీమలకు వలసపోయినపుడు ఇలవేల్పును వెంటగొనిపోయిరి. ఎచ్చట గుడిసె వేసికొన్న అచ్చటనే పూజ సాగెను. కొండయే దేవతయైనవారు కొండను మూటగట్టుకొని పోలేరు. గొఱ్ఱెలమేపునకై భూమిని ఆక్రమించిన ఆంగ్లేయుడు ఆదివాసికి ఆహారమును మాత్రమే లేకుండ జేసితినని తలచెను. వాస్తవమున ఆదివాసికి ఆ దినముననే ఆలయమును, ఆగమమును కూడ పోయెను.

ఇక వచ్చిన మతమెట్టిది? 1788 ఫిబ్రవరి 3వ తేదీన పాదిరి రిచర్డ్ జాన్సను సిడ్నీలో తొలి ఆరాధన జరిపెను. వినినవారు ఖైదీలు, వారికి కావలియైన సైనికులు. ఆ వలసలో క్రైస్తవము ప్రభుత్వశాఖలలో నొకటివలె నుండెను. ఐరిష్ ఖైదీలలో పెక్కురు రోమను కాథలికులైనను, వారికి ప్రభుత్వానుమతితో స్థిరముగా నుండు గురువులు 1820 వఱకు రాలేదు. 1794లో వచ్చిన శామ్యూల్ మార్సడెను ఆదివారము ప్రసంగపీఠముపై పాదిరి, తక్కిన దినములలో మేజిస్ట్రేటు. కొరడాదెబ్బల శిక్షలు విధించుటలో నుదారుడగుటచే, ప్రజలు ఆయనకు ‘కొరడా పాదిరి’ యని పేరు పెట్టిరి. క్షమను బోధించిన నోటనే దెబ్బల సంఖ్యయు వెలువడుచుండుట చూచిన ఆదివాసులు ఏమనుకొనిరో ఎవరును వ్రాసియుంచలేదు.

గవర్నరు మెక్వారీ 1815లో పారమట్టాయందు ఆదివాసి బాలబాలికలకు వసతితో గూడిన పాఠశాల తెఱపించెను. పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి ఇంగ్లీషును, బైబిలును నేర్పుట దాని పద్ధతి. 1819లో వలసలోని బాలబాలికలకు జరిగిన పరీక్షయందు ప్రథమబహుమానమును ఈ పాఠశాలలోని ఆదివాసి బాలికయే పొందెను. తెలివికి లోటులేదని దీనిచే స్పష్టమైనది. అయినను తల్లిదండ్రులు పిల్లలను పంప నిష్టపడలేదు. ఏ తల్లి యిష్టపడును?

దీనికి వేఱైన త్రోవ త్రొక్కినవాడు లాన్సలట్ థ్రెల్కెల్డు. పసిఫిక్ ద్వీపములలో కొన్నేండ్లు పనిచేసి, అచ్చటి భాష నేర్చిన గాని అచ్చటివారికి బోధింపజాలమని అనుభవమున నెఱిగిన మిషనరీ. 1825లో సిడ్నీకి ఉత్తరముననున్న మెక్వారీ సరస్సు ప్రాంతమున ఆదివాసుల మిషను నెలకొల్ప నియుక్తుడై, మొదట చేసిన పని అవబకల్ జనుల భాష నేర్చుకొనుట. ఆయనకు గురువు బిరబాన్ అను ఆదివాసి. ఆ పేరునకు గ్రద్దయని యర్థము. బాల్యమున సిడ్నీలో నొక సైనికాధికారి కడ పనిచేసి ఇంగ్లీషు నేర్చిన బిరబాన్ తన జనులలో పెద్దగా గౌరవింపబడినవాడు. ఇరువురును కలిసి మాటలు కూర్చిరి, వాక్యములు విడదీసిరి, లూకా సువార్తను అనువదించిరి. 1830లో గవర్నరు డార్లింగు, తన భాషను లిపిబద్ధము చేయుటలో తోడ్పడినందులకు బిరబానునకు అక్షరములు చెక్కిన ఇత్తడి బిళ్ళను బహూకరించెను. 1834లో ఆ భాషావ్యాకరణము అచ్చయ్యెను.

భాష నెఱిగినవాడు గనుక థ్రెల్కెల్డును న్యాయస్థానములు దుబాసీగా పిలుచుచుండెడివి. అచ్చట మతము మఱియొక రూపమున అడ్డువచ్చెను. సాక్షి బైబిలుపై ప్రమాణము చేయవలెను. పరలోకమున శిక్షించు దేవుని నమ్మనివాని ప్రమాణము చెల్లదు. ప్రమాణము లేని సాక్ష్యము చెల్లదు. అనగా ఆదివాసిని ఆదివాసుల యెదుట చంపినను సాక్షియే లేడన్నమాట! 1838 జూనులో మయాల్ క్రీక్ అను చోట పశువుల కాపరులు స్త్రీలు, పిల్లలు, వృద్ధులు కలిసి కనీసము 28 మంది ఆదివాసులను వధించిరి. పదునొకండుగురు విచారణకు దేబడి తొలుత నిర్దోషులుగా విడువబడిరి. మఱల జరిగిన విచారణలో ఏడుగురికి మరణశిక్ష పడి డిసెంబరులో అమలు జరిగెను. అచ్చటనుండిన తెల్లవాడొకడు ధైర్యముతో సాక్ష్యమిచ్చుటచే ఇంతమాత్రమైనను జరిగినది.

థ్రెల్కెల్డు 1841లో మిషను మూసివేసెను. రోగములకును, హింసకును, నిర్వాసనమునకును లోనై ఆ సరస్సు ప్రాంతమున అవబకల్ జనులు మిక్కిలి కొలదిమందియే మిగిలిరి. మతము మార్చినవారి లెక్క చూచినచో ఆయన కృషి శూన్యప్రాయమే. బిరబాన్ 1846లోను, థ్రెల్కెల్డు 1859లోను మరణించిరి. వారి లూకా సువార్త 1892లో గాని అచ్చుకాలేదు.

మధ్యాస్ట్రేలియా ఎడారిలో 1877లో జర్మను లూథరను మిషనరీలు అరండ జనుల నడుమ హెర్మన్స్‌బర్గు మిషనును స్థాపించిరి. దేవుని ఏ పదముతో పిలువవలెనను ప్రశ్న వారికి వచ్చెను. తెలుగు బైబిలులో ‘దేవుడు’ అను మన పాతమాటయే యున్నట్లు, వారును అరండలో నున్న ‘అల్చిర’ అను పదమును గ్రహించిరి. గిల్లెను స్వప్నమని అనువదించిన పదమునకును దీనికిని మూలమొక్కటియే. ఒకే మాట ఒకరి చేతిలో స్వప్నమై, మఱియొకరి చేతిలో యెహోవాయై నిలిచినది! అరండ వృద్ధుని చెవికి ఆ ప్రార్థన ఎట్లు వినబడెనో యూహింపుడు.

అచ్చట 1894 నుండి 1922 వఱకు పనిచేసిన కార్ల్ స్ట్రెహ్లో యొక విచిత్రవ్యక్తి. వృద్ధుల వలన వారి పురాణగాథలను, పాటలను వినిపించుకొని, వానిని అరండలోను జర్మనులోను వ్రాసి 1907 నుండి 1920 వఱకు సంపుటములుగా ప్రకటించెను. కాని ఆ పాటలు పాడబడు కర్మలను చూచుటకు పాదిరినగు తాను పోరాదని ఏనాడును పోలేదు. తాను అంతమొందింప వచ్చిన మతమునే అక్షరములలో నిలిపినవాడాయన. ఆయన బోధించిన మతమును ఎడారిలో వ్యాపింపజేసినవారిలో మోజెస్ చల్కబోట అను అరండ పురుషుడొకడు. చూపు కోల్పోయియు దూరప్రయాణములు చేసి తన భాషలో ప్రసంగించెను.

అన్ని మిషనులు ఇట్టివి కావు. పెక్కు చోట్ల పిల్లలను వసతిగృహములలో నుంచి మాతృభాష మాటాడిన దండించిరి. సుమారు 1910 నుండి 1970 వఱకు ప్రభుత్వములు ఆదివాసి పిల్లలను కుటుంబములనుండి బలవంతముగా తొలగించినపుడు వారిని ఉంచిన స్థలములలో చర్చిలు నడపినవియు ననేకము. 1997లో వెలువడిన జాతీయవిచారణ నివేదిక ఈ విషయమును లోకమునకు తెలిపెను. 2008 ఫిబ్రవరి 13వ తేదీన ప్రధానమంత్రి కెవిన్ రడ్డు పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. మాతృభాష మఱచిన బాలునకు తాత చెప్పు పాట అర్థము కాదు. పాట తెలియనివానికి కొండ వట్టి ఱాయి. ఇంట నొక భాషయు బడివెలుపల మఱియొక భాషయు వినుచు పెరుగు మీకు దీనిని విడమరచి చెప్పనక్కఱలేదు.

అయినను ఆదివాసులు క్రైస్తవమును చేతులు కట్టుకొని స్వీకరించిరని తలపరాదు. మర్రే నదీతీరమున మలోగా, కమ్మరగంజా అను చోట్ల యోర్తా యోర్తా జనుల మిషను పాఠశాలలో 1881 నుండి సుమారు నలుబదియేండ్లు బోధించినవాడు థామస్ షాడ్రాక్ జేమ్సు. మారిషసున పుట్టిన భారతసంతతివాడు! 1886లో అమెరికానుండి వచ్చిన నీగ్రో గాయకబృందమొకటి మలోగాలో, ఫరో సైన్యము సముద్రమున మునిగిన కథను పాడగా, ఆ పాట యోర్తా యోర్తా భాషలోనికి మాఱి నేటికిని పాడబడుచున్నది. బానిసలను విడిపించిన దేవుడు తమ పక్షముననే యుండవలెనని వారు గ్రహించిరి. ఆ సమాజమునుండి వచ్చిన విలియం కూపరు భక్తిగల క్రైస్తవుడు. వలస యారంభమై 150 ఏండ్లయిన 1938 జనవరి 26వ తేదీ సంతాపదినముగా పాటింపబడుటకు కారకులైన వారిలో నొకడు. ఆ యేడాది డిసెంబరులోనే, జర్మనీలో యూదుల హింసను నిరసించుచు మెల్బోర్నులోని జర్మను కాన్సులేటు కార్యాలయమునకు వినతిపత్రము కొనిపోయెను. కమ్మరగంజా పాఠశాలలో చదివిన పాస్టరు డగ్ నికల్సు 1976లో దక్షిణాస్ట్రేలియా గవర్నరయ్యెను.

ఉత్తరమున యిర్కాలా మిషనులో 1962-63 ప్రాంతమున యోల్ంగు పెద్దలు రెండు పెద్ద పలకలపై తమ వంశముల పవిత్రచిత్రములను వ్రాసి, చర్చిలో బలిపీఠమునకు ఇరువైపుల నిలిపిరి. ఒకటి దువ తెగవారిది, రెండవది యిరిచ తెగవారిది. పన్నెండడుగుల ఎత్తు. చర్చిలోనికి తమ నేలనే తెచ్చి నిలిపిరనవచ్చును. 1963లో బాక్సైటు త్రవ్వకమునకై తమ భూమిని ప్రభుత్వము ఇచ్చివేయగా, చెట్టుపట్టపై చిత్రములు వ్రాసి, నడుమ తమ భాషలోను ఇంగ్లీషులోను వినతి నంటించి పార్లమెంటునకు పంపిరి. 1971లో న్యాయస్థానము వారికి చట్టవ్యవస్థ కలదని యొప్పుకొనుచునే భూమిపై హక్కు లేదనెను. 1976లో భూమిహక్కుల చట్టము వచ్చెను. ఆ పలకలను మాత్రము చర్చివారు 1970ల నడుమ వెలుపల పడవేసిరి. తరువాత వానిని తిరిగి దెచ్చి యిర్కాలా కళాకేంద్రమున భద్రపఱచిరి.

మెక్వారీ సరస్సు చెంతనున్న న్యూకాసిల్ నగరమున అవబకల్ సంతతివారు తమ భాషను మఱల నేర్చుకొనుచున్నారు. ఆ భాషను జన్మతః మాటాడువారు ఎన్నడో గతించిరి గనుక, వారికి ముఖ్యాధారము థ్రెల్కెల్డు వ్రాతలే. అందలి వాక్యములలో పెక్కు బిరబాన్ నోట వచ్చినవి. 1834 నాటి వ్యాకరణపు ముఖపత్రముపై ఉన్నది థ్రెల్కెల్డు పేరొక్కటియే.