పిలిస్తే పలకని పిల్లవాడు

మూడున్నరేళ్ల బాలుణ్ణి తండ్రి మా మక్తబ్‌కు తీసుకొచ్చాడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులన్నీ వరుసగా పేరుస్తాడు. ఎవరైనా ఒకటి కదిపితే గుక్కపట్టి ఏడుస్తాడు. "ఉస్తాద్ సాబ్, వీడికి మాటలొస్తాయా?" అని తండ్రి అడిగాడు. "కొందరికి ఆలస్యంగా వస్తాయి, సబర్ చేయండి" అన్నాము. మా మాట విని వారు ఏడాది ఆగారు. ఆ ఏడాది తలచుకుంటే మా మనసు ఇప్పటికీ కలుక్కుమంటుంది.

చివరకు వైద్యులు ఆటిజం అని తేల్చారు. ఆ మాట ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో విధంగా అర్థమయింది. దాదీ నజర్ తగిలిందనుకుంది. ఊదిన నీళ్లు తాగించింది, తావీజు కట్టించింది. తండ్రి అసలు నమ్మలేదు. రక్తపరీక్షలో, స్కానింగులో ఏమీ కనిపించనప్పుడు అది జబ్బెలా అవుతుందని ఆయన వాదన. తల్లి ఎవరితోనూ వాదించలేదు. కడుపుతో ఉన్నప్పుడు తానేం తప్పు చేశానా అని లోలోపలే కుమిలిపోయింది.

ఆటిజం రక్తపరీక్షలో తేలేది కాదు. బిడ్డ చూపు, మాట, ఆట, నడవడి గమనించి, తల్లిదండ్రులను విచారించి వైద్యులు నిర్ధారిస్తారు. ఇది మెదడు ఎదుగుదలలోని తేడా. పుట్టకముందే మొదలవుతుంది. ఇందులో జన్యువుల పాత్ర పెద్దది. ఇది ఎవరి పాపానికీ శిక్ష కాదు. తల్లి ప్రేమ చాలకపోవడమే కారణమని ఒకప్పుడు కొందరు వైద్యులే నిందించారు. ఆ వాదం ఏనాడో వీగిపోయింది. టీకాకు, ఆటిజానికి ముడిపెడుతూ 1998లో వెలువడిన పత్రాన్ని, దాన్ని ప్రచురించిన వైద్య పత్రికే 2010లో ఉపసంహరించుకుంది.

దుఆ మానమని మేము చెప్పము. అయితే వైద్యం చేయించుకోమన్నదీ ప్రవక్త (స) బోధే కదా! ఆటిజాన్ని మాయం చేసే మందు లేదు. మాట, ఆట, సొంత పనులు నేర్పే శిక్షణ మాత్రం ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. ఏడాది నిండినా పిలిస్తే పలకకపోవడం, ఏడాదిన్నరైనా కావలసింది వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం - వీటిలో ఏది కనిపించినా పిల్లల వైద్యుణ్ణి కలవాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్నీ గుర్తించింది. కనుక ధ్రువపత్రం తీసుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు.

బిడ్డలు అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. వైద్యుడు ఆటిజం అన్న మరునాడు కూడా ఆ బిడ్డ అదే బిడ్డ. అతని దగ్గరకు ఏ దారిన వెళ్లాలో మాత్రమే మనకు కొత్తగా తెలిసింది.

ఆ తల్లి ఇప్పుడు "ఎందుకిలా అయింది?" అని అడగడం లేదు. "ఈ నెల ఏం నేర్పాలి?" అని అడుగుతోంది. దాహం వేస్తే బాలుడు "పానీ" అంటున్నాడు. మా మక్తబ్ గుమ్మంలో చెప్పులు సర్దే పని అతనిదే. వాటినెవరూ కదపరు.