సముద్రనక్షత్రమును తొలగించిన పండితుడు

అమెరికా సంయుక్త రాష్ట్రముల పడమటి తీరమున, మకా జాతివారి నివాసభూమియందు, 1963వ సంవత్సరమున ఒక యువాచార్యుడు పాటువేళ రాళ్లమీదికి దిగి, ఇనుపగునపముతో సముద్రనక్షత్రములను పెకలించి నీటిలోనికి విసరివేయుచుండెను. చూచినవారికది పిచ్చిపనిగా తోచియుండును. అతడు వాషింగ్టను విశ్వవిద్యాలయపు రాబర్టు పెయిను. 1933లో జన్మించి 2016లో దివంగతుడైన యీ పండితుడు సముద్రజీవశాస్త్రమును చూచి లెక్కించు స్థితినుండి పరీక్షించి తెలిసికొను స్థితికి గొనివచ్చిన ముఖ్యులలో నొకడు.

ఆయన యెన్నుకొనినది 8 మీటర్ల పొడవు, 2 మీటర్ల ఎత్తు గల రాతిభాగము. ప్రక్కభాగమును యథాతథముగ విడిచెను. సముద్రనక్షత్రము ఆల్చిప్పలను భక్షించు ప్రాణి. భక్షకుడు తొలగినచో తక్కినవన్నియు సుఖముగ వర్ధిల్లునని యెవరైనను తలంతురు. జరిగినది వేరు. మొదట రాతిని కరచిపట్టు గుల్లలు చోటును క్రమ్ముకొనెను. పిమ్మట వానినిగూడ నెట్టి ఆల్చిప్పలు ఆక్రమింప సాగెను. నాచునకు, నత్తలకు నిలువ చోటు లేకపోయెను. 15 జాతులుండిన తావున 8 మాత్రమే మిగిలెను. ఆ రాతిపై కొరత ఆహారమునకు గాదు, స్థలమునకు. బలవంతుడైన యొక్కడు ఊరిపొలమునంతయు కలుపుకొనుట యెట్టిదో మన పాఠకులకు వివరింప నక్కరలేదు.

ఈ ఫలితమును పెయిను 1966లో ప్రకటించెను. 1969లో అట్టి ప్రాణికి 'కీలకజాతి' యని పేరిడెను. కమాను నడినెత్తిన నుండు రాయి తక్కిన రాళ్లకంటె పెద్దది గాదు. దానిని తీసినచో కమాను కూలును. తరువాతివారు కనబడిన ప్రతి జంతువునకు నీ బిరుదమును తగిలించుట మాత్రము శోచనీయము. సంఖ్యను మించిన ప్రభావము గలదానికే యది చెల్లును.

అలాస్కా ద్వీపములలో నీరుకుక్కలను పరిశీలించుచుండిన జేమ్సు ఎస్టీసు అను విద్యార్థికి 1971లో పెయిను మార్గము చూపెను. బొచ్చుతోళ్ల వర్తకుల దురాశచే నీరుకుక్కలు నశించినచోట ముండ్లబంతులవంటి జలప్రాణులు పెచ్చుపెరిగి, అడవులవంటి పెనునాచును మేసివేసినవని 1974లో వెల్లడియయ్యెను.

పెయిను చిరకాలము పరిశోధించిన టటూషు ద్వీపమును మకా వారిదే. వారి యనుమతితోనే యాయన పనిచేసెను. ఈ మర్యాద గమనింపదగినది.

2013 మొదలు అలాస్కానుండి మెక్సికోవరకు సముద్రనక్షత్రములు వ్యాధిచే లక్షలకొలది నశించెను. ఒక్కడు 16 చదరపు మీటర్లలో చేసిన పరీక్షను వ్యాధి మహాతీరమున చేసినట్లయ్యెను. ఆయన కన్నుమూయునాటికి కారణము తేలలేదు. వానిలో పెద్దదగు పొద్దుతిరుగుడు సముద్రనక్షత్రమును చంపుచున్నది కలరాక్రిమికి దాయాదియగు విబ్రియో తెగ సూక్ష్మజీవి యని 2025లో పరిశోధకులు ప్రకటించిరి.