చమురు క్షేత్రంపై ఆసక్తి: వార్తను అంచనా వేయడం ఎలా?

మీరు కోనసీమలోనో, నరసాపురం ప్రాంతంలోనో నివసిస్తున్నట్లయితే "మన ఊరి దగ్గర సర్వే చేస్తున్నారు, పెద్ద కంపెనీలు వస్తాయట" అనే మాట వినే ఉంటారు. వెంటనే భూముల ధరల గురించి, ఉద్యోగాల గురించి చర్చ మొదలవుతుంది. అటువంటి వార్తను అంచనా వేయడానికి అవసరమైన అంశాలను ఈ భాగంలో తెలుసుకుందాం.

వనరు, నిల్వ

భూగర్భంలో ఉందని అంచనా వేసిన మొత్తం చమురును లేదా వాయువును వనరు అంటారు. అందులో ప్రస్తుత సాంకేతిక పరిజ్ఞానంతో, ప్రస్తుత ధరలకు లాభసాటిగా వెలికితీయగల భాగాన్ని మాత్రమే నిల్వ అంటారు. భూకంప తరంగాల సర్వే రాతి పొరల అమరికను మాత్రమే చూపుతుంది. చమురు ఉందో లేదో బావి తవ్వితేనే తేలుతుంది. ఎంత ఉందో తెలియాలంటే మరికొన్ని బావులు తవ్వాలి.

ఆసక్తి ఎందుకు పెరుగుతుంది?

చమురు ధర పెరిగినప్పుడు, ప్రభుత్వ విధానం మారినప్పుడు, సమీపంలో పైపులైన్లు ఉన్నప్పుడు కంపెనీల ఆసక్తి పెరుగుతుంది. ఉదాహరణకు, 2016లో వచ్చిన కొత్త విధానం అన్వేషణ ప్రాంతాన్ని కంపెనీలే ఎంచుకునే వీలు కల్పించింది. అయితే కంపెనీ బిడ్ వేయడం నష్టభయానికి సిద్ధపడటమే తప్ప, చమురు ఉందనడానికి రుజువు కాదు.

కృష్ణా-గోదావరి బేసిన్ అనుభవం

2005లో దీన్ దయాళ్ క్షేత్రంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల వాయువు ఉన్నట్లు ప్రకటించారు. తరువాతి అంచనాలు అందులో సుమారు పదో వంతుకు తగ్గాయి. డి-6 బ్లాకులో 2009 ఏప్రిల్‌లో మొదలైన వాయు ఉత్పత్తి 2010లో రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరి, ఆపై వేగంగా పడిపోయింది. మరోవైపు, ఓఎన్‌జీసీ 2005లో వాటా తీసుకున్న 98/2 బ్లాకు నుంచి 2024 జనవరిలో ఆ సంస్థ తొలి చమురు తీసింది. అంటే ఆసక్తికీ ఉత్పత్తికీ మధ్య దాదాపు రెండు దశాబ్దాలు గడవవచ్చు.

స్థానికులకు ఏమి దక్కుతుంది?

నేలమీది బావుల రాయల్టీ రాష్ట్రానికి, సముద్ర బావుల రాయల్టీ కేంద్రానికి చెందుతుంది. పైపులైను మీ పొలం గుండా వెళితే, 1962 చట్టం ప్రకారం భూమి యాజమాన్యం మీదే. వినియోగ హక్కు మాత్రమే ప్రభుత్వం తీసుకుంటుంది. అందుకు ఆ భూమి మార్కెట్ విలువలో 10 శాతం, పంట నష్టానికి వేరుగా పరిహారం ఇస్తారు. కాని ఆ మేర ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెట్టు నాటరాదు. కొబ్బరి రైతుకు ఇది చిన్న విషయం కాదు.

కాబట్టి వార్త విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఏ దశ? చెప్పిన అంకె వనరుదా, నిల్వదా? బావి నేలమీదా, సముద్రంలోనా? వీటికి సమాధానం దొరికే వరకు భూమి అమ్మకం, కొనుగోలు, అప్పు వంటి నిర్ణయాలు తీసుకోకపోవడం మంచిది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: వనరుకూ నిల్వకూ గల తేడాను కృష్ణా-గోదావరి బేసిన్ ఉదాహరణతో వివరించండి.