రాతి లోయల అడవి బంగాళాదుంప

మన వంటింట్లోని బంగాళాదుంప, వంకాయ, టమాట, మిరపకాయలతో పాటు పెరటి కామంచి, దారి పక్కన పెరిగే ఉమ్మెత్త కూడా సొలనేసీ అనే ఒకే కుటుంబానికి చెందినవి. ఆహారము, ఔషధము, విషము మూడూ ఇరుగుపొరుగుగా ఉన్న కుటుంబమిది. కనుక ఇందులోని ఏ మొక్క గుణదోషాలనైనా చెప్పబోయే ముందు దానిని సరిగా గుర్తించవలసి ఉంటుంది. ఇందుకు వృక్షశాస్త్రజ్ఞులకు ఆధారం హెర్బేరియం. పూవు, కాయ, వేరులతో సహా మొక్కను కాగితాల మధ్య అదిమి ఆరబెట్టి, దళసరి కాగితంపై అతికించి, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ సేకరించారో చీటీపై వ్రాసి భద్రపరచే చోటు అది. చీటీ లేని నమూనా నా దృష్టిలో ఎండుగడ్డితో సమానం.

ఆ చీటీల విలువ తెలియాలంటే అమెరికా నైరుతి ప్రాంతపు ఎడారి లోయలలో పెరిగే ఒక అడవి బంగాళాదుంప కథ వినాలి. దాని శాస్త్రీయ నామం సొలానమ్ జేమ్సియై. 1820లో మేజర్ స్టీఫెన్ లాంగ్ జరిపిన అన్వేషణ యాత్రలో ఎడ్విన్ జేమ్స్ అనే వైద్యుడు మొక్కలు సేకరించాడు. వాటిని పరిశీలించిన జాన్ టోరీ ఈ మొక్కకు ఆయన పేరే పెట్టాడు. వేసవి వానలకు ఇది మొలిచి, తెల్లని నక్షత్రాల వంటి పూలు పూస్తుంది. చలికాలానికి పైభాగం ఎండిపోగా నేలలో గోళీకాయలంత దుంపలు మిగులుతాయి.

నమూనాల చీటీలపై ఉన్న స్థలాలను పటంపై గుర్తిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఆరిజోనా, న్యూమెక్సికో కొండ ప్రాంతాలలో విస్తారంగా ఉన్న ఈ మొక్క, ఉత్తరాన యూటా రాతి లోయలలో అక్కడక్కడ చిన్న గుంపులుగా మాత్రమే ఉంది. ఆ గుంపులలో అనేకం ప్రాచీన నివాసాల చెంతనే ఉన్నాయి! ఎస్కలాంటే సమీపాన నార్త్ క్రీక్ గుహాశ్రయంలో దొరికిన నూరుడు రాళ్లపై ఈ దుంప పిండి రేణువులు ఉన్నట్లు లిస్బెత్ లౌడర్‌బ్యాక్, బ్రూస్ పావ్లిక్ 2017లో ప్రకటించారు. వాటిలో పాతవి సుమారు 10,900 ఏళ్ల నాటివి. పూర్వీకులే ఈ దుంపలను దూరప్రాంతాలకు మోసుకుపోయారని తర్వాతి జన్యు పరిశోధనలు సూచించాయి.

సాధారణ బంగాళాదుంప కంటే దీనిలో మాంసకృత్తులు రెండింతలు, ఇనుము, కాల్షియం మూడింతలు ఉంటాయి. అయితే చేదు ఆల్కలాయిడ్లు కూడా ఉన్నాయి. హోపీ, జూనీ, నవహో ప్రజలు ఈ దుంపలను ఒక విధమైన బంకమట్టితో కలిపి భుజించేవారు. అటువంటి మట్టి ఆల్కలాయిడ్లను తనకు అంటించుకుంటుంది. తరతరాల అనుభవంతో వారు ఎంచుకున్న మట్టి అది. మన పెరటి మట్టితో ఎవరూ ఈ ప్రయోగం చేయరాదు.

ఈ చేదు మన బంగాళాదుంపకూ కొంత ఉంది. వెలుతురు తగిలి పచ్చబడిన దుంపలోను, మొలకలలోను సొలనిన్ పెరుగుతుంది. కిలో దుంపలలో ఇటువంటి ఆల్కలాయిడ్లు 200 మిల్లీగ్రాములు మించరాదని సాధారణంగా పాటించే పరిమితి. ఉడికించినంత మాత్రాన అవి నశించవు. కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు కలుగవచ్చు. అలా జరిగితే చిట్కాలతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించాలి. దుంపలను చీకటిగా, గాలి ఆడే చోట నిల్వ చేయండి. బాగా పచ్చబడినవి, చేదుగా ఉన్నవి పారవేయండి. పిల్లలకు అసలు పెట్టవద్దు.

కామంచి విషయంలో కూడా పచ్చికాయలు తినరాదు. కామంచి అనుకొని వేరే మొక్కను తెచ్చి చూపినవారు నాకు తారసపడ్డారు. సందేహం ఉన్నప్పుడు పూవు, కాయ ఉన్న కొమ్మను పాత దినపత్రికల మధ్య అదిమి, కాగితాలు రోజూ మారుస్తూ ఆరబెట్టి, దొరికిన చోటు, తేదీ వ్రాసి సమీప కళాశాలలోని వృక్షశాస్త్ర అధ్యాపకులకు చూపండి. వారు నిర్ధారించేవరకు ఆ ఆకును కూరలో వేయకండి.