బండ లోపలి వణుకు

ఎండాకాలం పొద్దు గూకాక, హైదరాబాద్ శివారు యాప్రాల్‌లో ఇంకా మిగిలి ఉన్న గుండ్లలో ఒకదాని మీద అరచెయ్యి ఆనించి చూడండి. గాలి చల్లబడి ఉంటుంది. పక్కనున్న వేపాకు చల్లగా తగులుతుంది. బండ మాత్రం వెచ్చగానే ఉంటుంది. చెయ్యి తీసి నాలుగంగుళాల దూరంలో పెట్టినా ఆ వెచ్చదనం తెలుస్తూనే ఉంటుంది. తాకకుండానే మన చర్మం దాకా వస్తున్నది వెలుగే. కాకపోతే అది కంటికి ఆనని వెలుగు.

ఒక పక్క సైనిక్‌పురి, ఇంకో పక్క బొల్లారం. మధ్యలో రిటైరైన ఫౌజీల ఇళ్లు, కొత్త అపార్ట్‌మెంట్లు, వాటి సందుల్లో ఒకదాని మీద ఒకటి నిలిచిన గుండ్లు. వాటినెవరూ అలా పేర్చలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల కరిగిన శిల మెల్లగా చల్లారి గ్రానైట్ అయింది. పైనున్న పొరలు కాలక్రమంలో కొట్టుకుపోయాక, పగుళ్ల వెంట నీరు దిగి, మూలలు అరిగి ఇలా గుండ్రబడ్డాయి. దగ్గరికి పోయి చూస్తే మూడు రకాల గింజలు కనిపిస్తాయి. గులాబి రంగులోనో తెల్లగానో ఉన్న పలకలు ఫెల్డ్‌స్పార్. నల్లగా తళుక్కుమనే రేకులు అభ్రకం, పిల్లల భాషలో కాకిబంగారం. వాటి నడుమ, తనకంటూ ఒక ఆకారం లేకుండా, బూడిదరంగులో సగం పారదర్శకంగా ఇరుక్కుని ఉన్నది పలుగురాయి. నాకు ఈ మూడింట్లో పలుగంటేనే ప్రాణం. ఎందుకో చెబుతాను.

పలుగురాయిలో ఉన్నవి రెండే మూలకాలు, సిలికాన్, ఆక్సిజన్. మూడు సిలికాన్ పరమాణువులు, ఆరు ఆక్సిజన్ పరమాణువులు కలిసి ఒక చిన్న అమరిక. ఆ అమరికే అన్ని దిక్కులా మళ్లీ మళ్లీ పునరావృతమైతే స్ఫటికం. ఈ తొమ్మిదింటిలో ఒక్కటి కూడా నిలకడగా ఉండదు. సిలికాన్, ఆక్సిజన్‌ల మధ్య బంధం సాగుతూ ముడుచుకుంటూ ఉండే వేగం సెకనుకు దాదాపు 32 లక్షల కోట్ల సార్లు. మనం వేడి అనేది ఈ వణుకునే. వణుకు ఉధృతమైతే రాయి వేడెక్కింది అంటాం, తగ్గితే చల్లారింది అంటాం.

పగలంతా ఎండ ఈ వణుకును పెంచుతుంది. పైపొర కదలిక కింది పొరకు అందుతుంది, కానీ చాలా నిదానంగా. బండలో జానెడు లోతున వేడి పతాకస్థాయికి చేరేసరికి బయట చీకటి పడిపోతుంది. మూరెడు లోతుకు పోతే పగలూ రాత్రీ తేడా దాదాపు మాసిపోతుంది. రాత్రి మన చేతికి తగిలే వెచ్చదనం మధ్యాహ్నపు ఎండ ఆలస్యంగా తిరిగి రావడమే.

ఆ వేడి చేతి దాకా గాలి మీద మాత్రమే రాదు. సిలికాన్ వైపు కొంత ధనావేశం, ఆక్సిజన్ వైపు కొంత రుణావేశం ఉంటాయి. ఆవేశం ఉన్నది ఊగితే దాని చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రమూ ఊగుతుంది. ఆ ఊపు తరంగమై సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో బయటికి పోతుంది. మన గుండు నుంచి వెలువడే తరంగాల పొడవు దాదాపు మిల్లీమీటరులో నూరో వంతు. కన్ను పట్టగలిగిన దానికంటే అది చాలా పెద్దది కాబట్టి చర్మం మాత్రమే పసిగడుతుంది. అదే రాతిని కొలిమిలో పెట్టి 525 డిగ్రీలు దాటించండి, చీకట్లో మసక ఎరుపు కనబడడం మొదలవుతుంది. 5,500 డిగ్రీల సూర్యుడి ఉపరితలం దగ్గర తరంగాలు ఇంకా పొట్టివై మన కంటికి పట్టపగలవుతాయి. ఎండకూ రాతి వెచ్చదనానికీ పుట్టుకలో తేడా లేదు, తరంగం పొడవులోనే తేడా.

పలుగు దగ్గర ఇంకో విద్య ఉంది. రెండు తెల్ల పలుగురాళ్లు తెచ్చి, తలుపులు మూసి, కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, ఒకదానితో ఒకటి గట్టిగా రాపాడించండి. రవ్వలు కాదు, రాళ్ల లోపలి నుంచే నారింజ పసుపు కలిసిన లేత కాంతి మినుకుమంటుంది. బంధాలు తెగినచోట ఆవేశాలు విడిపోతాయి. దారి తప్పిన ఎలక్ట్రాన్లు తమ నెలవుకు చేరేటప్పుడు ఆ శక్తిని కాంతిగా విడిచిపెడతాయి. రాయి చల్లగానే ఉంటుంది, వెలుగు మాత్రం వస్తుంది. పిల్లలకు చూపించేటప్పుడు పెంకులు కళ్లలో పడకుండా జాగ్రత్త.

రాతి వణుకు ఒక్కోసారి మన కాళ్ల కిందా తెలుస్తుంది. 2024 డిసెంబర్ 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్‌లోనూ చాలామందికి ఆ ఊపు తెలిసింది. యాప్రాల్ అక్కడికి సుమారు 200 కిలోమీటర్లు. గాలిలో అయితే శబ్దం ఇంత దూరం రావడానికి పది నిమిషాలు పట్టేది. రాతిలో మొదటి తరంగం అర నిమిషంలో వచ్చేసింది, రెండోది నిమిషం లోపే దాని వెంట చేరింది. ఏ రేణువూ ములుగు నుంచి యాప్రాల్ రాలేదు. దర్శనం క్యూలో వెనకెవరో తోస్తే ఆ తోపు గర్భగుడి దాకా పోతుంది, మనుషులు మాత్రం ఎవరి చోట వాళ్లే ఉంటారు కదా. మొదటి తరంగం అలాంటిది, ముందుకూ వెనక్కూ తోస్తుంది. రెండోది పక్కకు ఊపుతుంది.

ఇన్ని కదలికలకూ లెక్క ఉంటుందా? ఉంటుందని చూపినవారిలో మనవాడొకరు. సూరి భగవంతం 1909లో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర చేరారు. రామన్ ఫలితం వెలుగు చూసింది 1928 ఫిబ్రవరి 28న. స్ఫటికం మీద పడి చెదిరిన కాంతిలో అతి కొద్ది భాగం రంగు మార్చుకుంటుంది. ఆ మార్పు ఎంతో కొలిస్తే లోపలి కంపనం ఎంతో తెలిసిపోతుంది. పలుగులో ఇలా కొట్టొచ్చినట్టు కనబడే కంపనం ఒకటి సెకనుకు దాదాపు 14 లక్షల కోట్ల సార్లు ఊగుతుంది. కొలవకముందే, స్ఫటికపు సౌష్ఠవం చూసి అందులో ఎన్ని రకాల కంపనాలు సాధ్యమో, వాటిలో ఏవి కాంతిలో కనబడతాయో గణితంతో చెప్పే పద్ధతిని భగవంతం, తోటి శాస్త్రజ్ఞుడు టి. వెంకటరాయుడు తీర్చిదిద్దారు. ఆ విషయం మీద వారి పుస్తకాన్ని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో అచ్చువేసింది. తర్వాత భగవంతం 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు.

ఆ లెక్క పలుగుకు వేసి చూడండి. తొమ్మిది పరమాణువులు, ఒక్కోటి మూడు దిక్కుల్లో కదలగలదు, మొత్తం 27 కదలికలు. వాటిలో ఇరవై నాలుగింట్లో పరమాణువులు ఒకదానికొకటి ఎదురుగా ఊగుతాయి. రాతి వెచ్చదనంలో పెద్ద వాటా వీటిదే, రామన్ కాంతిలో గీతలుగా దొరికేవీ వీటిలోవే. మిగిలిన మూడింట్లో తొమ్మిదీ కలిసికట్టుగా కదులుతాయి. అవే శబ్దం, అవే భూకంప తరంగాలు. మూడింట్లో ఒకటి ముందుకు తోసేది, రెండు పక్కకు ఊపేవి. ములుగు నుంచి వచ్చినవాటి లెక్క తొమ్మిది పరమాణువుల అమరికలోనే తేలిపోవడం ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మణికట్టు మీది క్వార్ట్జ్ గడియారంలో నడిచేదీ పలుగే. విద్యుత్తు తగిలితే ఆ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తే ఒకటి, అంటే ఒక సెకను.

యాప్రాల్‌లో ఇప్పుడు లేఅవుట్ వేసేవారు మొదట చేసేది గుండ్లను పేల్చి కంకర చేయడం. హైదరాబాద్‌లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ 1996 నుంచి ఈ బండల కోసం పోరాడుతోంది. అంత పెద్ద పని అందరివల్లా కాకపోవచ్చు. మీ కాలనీలో ఒక్క గుండైనా మిగిలి ఉంటే, దాన్ని పార్కులో అలాగే ఉంచి దాని చుట్టూ మొక్కలు వేయించమని అసోసియేషన్ మీటింగులో అడగండి. మొక్కలు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు నాటుకోవచ్చు. 250 కోట్ల ఏళ్ల బండను ఒక్కసారి కంకర చేస్తే మళ్లీ తెచ్చుకోలేం.